మహమ్మారి రోజుల్లో పళ్ల క్లినిక్: సిబ్బంది ఒళ్లూ మనసూ నిలబెట్టే ఏర్పాట్లు

ఒళ్లు కాలుతున్నా పారాసెటమాల్ మింగి పనిలోకి వచ్చే అసిస్టెంటు ఉన్న క్లినిక్‌లో ఎంత ఖరీదైన పీపీఈ కిట్ కొన్నా ఉపయోగం లేదు. ఆ అమ్మాయి తెలియక రాదు. రాకపోతే ఆ రోజు జీతం కోస్తారని వస్తుంది. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు పళ్ల క్లినిక్కులు చాలావరకు చిన్నవే. ఒక డాక్టరు, ఒకరో ఇద్దరో అసిస్టెంట్లు, ఫోనూ డబ్బులూ చూసుకునే ఒకరు, తుడిచే ఆయా ఉంటారు. ఇందులో ఒక్కరు పడుకుంటే క్లినిక్ ఆగుతుంది, ఒక్కరు జబ్బు దాస్తే అందరూ పడుకుంటారు. అందుకే ముందు జీతం, సెలవుల సంగతి తేల్చి, ఆ తర్వాతే గాలి, మాస్కుల జోలికి వెళ్దాం.

జీతం, సెలవు, పొద్దున్నే అడిగే మూడు ప్రశ్నలు

మహమ్మారి మొదలైన వారంలోనే ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి అందరి చేతా సంతకం పెట్టించుకోండి. జ్వరమో దగ్గో వచ్చి ఇంట్లో ఉంటే ఎన్ని రోజుల జీతం ఇస్తారు, ఇంట్లోవాళ్లకు జబ్బు వచ్చి ఆగిపోతే ఎంత ఇస్తారు, క్లినిక్ మూతపడితే ఎంత ఇస్తారు, పరీక్ష ఖర్చు ఎవరిది. పూర్తి జీతం ఇవ్వలేకపోతే సగమని రాయండి. మాట స్పష్టంగా ఉంటే సగం జీతానికైనా మనిషి ఇంట్లో ఆగుతాడు. ‘చూద్దాంలే’ అంటే మాత్రం జ్వరంతోనే వస్తాడు. పదిమందికి తక్కువగా పనిచేసే చిన్న క్లినిక్కులకు సాధారణంగా ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించదు కాబట్టి ఈ భారం యజమానిదే. రోగి దగ్గర పీపీఈ కింద తీసుకునే మొత్తంలోంచి కొంత రోజూ వేరే డబ్బాలో పడేస్తే, రెండు నెలల్లో ఒకరి సెలవు జీతానికి సరిపడా పోగవుతుంది.

పొద్దున్న బట్టలు మార్చుకోకముందే మూడు ప్రశ్నలు అడగాలి. రాత్రి నుంచి జ్వరం, దగ్గు, గొంతునొప్పి, విరేచనాలు, వాసన తెలియకపోవడం ఏమైనా ఉందా? నిన్నటి నుంచి జ్వరం మాత్ర ఏదైనా వేసుకున్నారా? ఇంట్లో ఎవరికైనా బాగాలేదా? రెండో ప్రశ్నే అసలైనది. మాత్ర వేసుకుని వస్తే థర్మామీటరు 98 చూపిస్తుంది. ఈ ప్రశ్నలు డాక్టరు అడగకూడదు. యజమానికి ‘ఉంది’ అని చెప్పడం కష్టం. సిబ్బందిలోనే ఒకరు అడిగి పుస్తకంలో రాయాలి, డాక్టరు జవాబులు కూడా అందులోనే ఉండాలి. డాక్టరు పేరు ఎదురుగా ‘గొంతునొప్పి, ఇంటికి వెళ్లారు’ అని ఒక్కసారి పడితే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

నలుగురికి మించి ఉంటే రెండు జట్లుగా విడదీయండి. ఒక జట్టు సోమ, మంగళ, బుధ, రెండోది గురు, శుక్ర, శని. రెండు జట్లూ కలిసి టీ తాగకూడదు, కలిసి భోంచేయకూడదు. క్లినిక్కుల్లో ఒకరి నుంచి ఒకరికి జబ్బు అంటుకునే చోటు చాలాసార్లు కుర్చీ దగ్గర కాదు, మాస్కులు తీసి క్యారేజీ విప్పే వెనక గదిలోనే. తినడం ఒక్కొక్కరుగా, కిటికీ పక్కన, 15 నిమిషాల తేడాతో పెట్టండి.

తుంపర తగ్గిస్తే సగం భయం తగ్గుతుంది

పన్ను తొలిచే ఎయిరోటర్, పాచి తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్, గాలీ నీళ్లూ కలిపి కొట్టే త్రీవే సిరంజి: ముఖ్యంగా ఈ మూడే నోట్లోని తడిని గదంతా మంచులా చల్లుతాయి. వాడకుండా గడిచే పనులు చాలా ఉన్నాయి. పాచి చేతి స్కేలర్లతో తీయవచ్చు. చిన్న పుచ్చును స్పూన్ ఎక్స్‌కవేటరుతో గీకి గ్లాస్ అయొనోమర్ సిమెంటు నింపవచ్చు. మామూలుగా పన్ను పీకడానికి డ్రిల్లింగ్ అక్కర్లేదు. రూట్ కెనాల్ తప్పదంటే పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే రబ్బరు తెర వేసి, బలంగా పీల్చే పెద్ద నోరున్న హై వాల్యూమ్ సక్షన్ గొట్టం పంటికి దగ్గరగా పట్టాలి. లాలాజలం లాగే సన్నటి గొట్టం ఈ తుంపరను ఆపలేదు. ఇలాంటి పనులన్నీ పూట చివరికి నెట్టండి, ఆ తర్వాత ఆ గదిలోకి ఇంకో రోగి రాకూడదు.

పనికి ముందు రోగి నోరు పుక్కిలించడానికి రెండు మందులు దొరుకుతాయి. మందుల షాపులో 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపితే 1.5 శాతం అవుతుంది. పుక్కిలింతకు అమ్మే 2 శాతం పొవిడోన్ అయొడిన్ అయితే 10 మి.లీ.కి 90 మి.లీ. నీళ్లు కలిపితే 0.2 శాతం. 30 సెకన్ల నుంచి నిమిషం దాకా పుక్కిలించాలి. అయొడిన్ పడనివాళ్లకూ, థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకూ రెండోది వద్దు. ఇది నోట్లోని క్రిములను కాసేపు తగ్గిస్తుంది, అంతే. మాస్కుకు ఇది బదులు కాదు.

గాలి విషయం లెక్కతో తేలుతుంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గది 1200 ఘనపుటడుగులు, అంటే సుమారు 34 ఘనమీటర్లు. గంటకు 12 సార్లు గాలి మారాలంటే ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు దాదాపు 400 ఘనమీటర్లు నిజంగా బయటికి తోయాలి. ఫ్యాను పెట్టె మీద రాసిన అంకె అడ్డమేమీ లేనప్పటిది. దుమ్ము పట్టిన రెక్కలు, సగం తెరుచుకునే షట్టరు ఉంటే అంత రాదు. అందుకే అవసరానికి రెట్టింపు అంకె ఉన్న ఫ్యాను కొనండి, రెక్కలు 15 రోజులకోసారి తుడవండి. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది, 99.9 శాతానికి 35. ఆరుసార్లే మారితే అవే 46, 69 నిమిషాలు. తుంపర పని అయ్యాక ఆయా ఎప్పుడు లోపలికి వెళ్లవచ్చో ఈ లెక్కే చెబుతుంది. చాలా క్లినిక్కుల్లో డాక్టరు బయటికి రాగానే ఆయాను తుడవమని పంపేస్తారు. గది అన్నిటికన్నా చెడ్డగా ఉండే సమయంలో, అన్నిటికన్నా పాత మాస్కుతో ఆమెను లోపలికి పంపినట్టవుతుంది. తలుపు మీద గడియారం బొమ్మ ఉన్న పలక తగిలించి, ఎన్నింటి తర్వాత వెళ్లాలో ముల్లు తిప్పి పెట్టండి.

గాలి ఎటు పోతోందో ఒక అగరుబత్తి చెబుతుంది. కుర్చీ తల దగ్గర వెలిగించి పట్టుకోండి. పొగ అసిస్టెంటు ముఖం మీదుగా పోతే కుర్చీనైనా తిప్పాలి, ఫ్యానునైనా మార్చాలి. బయటి గాలి సిబ్బంది వీపు వైపు నుంచి వచ్చి, రోగి మీదుగా ఎగ్జాస్ట్ లోకి పోవాలి. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది. వేసుకోవాలంటే ఎగ్జాస్ట్ నడుస్తూ, కిటికీ కాస్త తెరిచి వేసుకోండి. కరెంటు పోతే తుంపర పని ఆపేయాలి. ఇన్వర్టరు మీద లైటు కంటే ముందు ఎగ్జాస్ట్‌కు లైను ఇప్పించండి.

ఉక్క, నీళ్లు, బాత్రూము

బరంపురం వైపు ఉక్క, రాయగడ లోపలి వేసవి ఎండ రెండూ పీపీఈకి శత్రువులే. చెమట పోతుంది కానీ ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. ముందు తలనొప్పి, తర్వాత చిరాకు, తర్వాత చేతిలో పని తప్పడం మొదలవుతాయి. సూది గుచ్చుకునేది కూడా అలాంటప్పుడే.

మొదట అవసరంలేని కిట్ వేయించకండి. తుంపర లేని పనికి ఒళ్లంతా మూసే కవరాల్ అక్కర్లేదు. వెనక కట్టుకునే గౌను, ఎన్-95, ఫేస్ షీల్డ్, గ్లవ్స్, టోపీ చాలు. కవరాల్ తప్పని రోజు వరసగా గంటన్నర మించకూడదు, ఏసీ లేకపోతే గంట. వేసవిలో 7 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 7 పెట్టుకుంటే మధ్యాహ్నపు ఎండ తప్పుతుంది.

కిట్ వేసుకోవడానికి అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగాలి, వేసుకునే ముందు బాత్రూముకు వెళ్లాలి. తీశాక ఒక గ్లాసు మజ్జిగో, ఉప్పు వేసిన తరవాణో, చోడి అంబలో తాగితే నీళ్లతోపాటు ఉప్పూ అందుతుంది. కళ్లు తిరిగేంత చెమట పోసినప్పుడు ఓఆర్‌ఎస్ మంచిది. ఒక ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్లు పోయాలి. సగం నీళ్లలో కలిపితే దాహం ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఓఆర్‌ఎస్‌ను రోజువారీ పానీయం చేసుకోకూడదు.

ఇక చెప్పుకోలేని సంగతి. కిట్ మధ్యలో తీస్తే పాడవుతుందని ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఉగ్గబట్టుకుని, మూత్రంలో మంట తెచ్చుకుంటారు. నెలసరి రోజుల్లో ఇది నరకం. దీనికి ఉపన్యాసం వద్దు. రోజుకు ఒక్కో మనిషికి ఒక కిట్ అదనంగా లెక్కగట్టి, ‘ఇది మధ్యలో తీయడానికే’ అని వేరే అరలో పెట్టండి. ప్యాడ్లు, కాగితపు సంచులు, మూత ఉన్న డబ్బా బాత్రూములోనే ఉంచండి. మూత్రం లేత పసుపు దాటి ముదురు రంగుకు వస్తే నీళ్లు చాలడం లేదని బాత్రూము తలుపు లోపలి వైపు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి అంటించండి.

మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, వాంతి చేసుకున్నా వడదెబ్బ అనుకోవాలి. కిట్ కత్తిరించి తీసేయండి, నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా తడిపి ఫ్యాను పెట్టండి, చంకల్లో గజ్జల్లో చల్లని గుడ్డలు ఉంచండి, 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు.

మాస్కు, చర్మం

ఎన్-95 వేసుకున్న ప్రతిసారీ రెండు అరచేతులూ దాని మీద పెట్టి గట్టిగా ఊపిరి వదలాలి. ముక్కు పక్కనుంచో గడ్డం కిందనుంచో గాలి తగిలితే క్లిప్పు, పట్టీలు సర్దాలి. వాల్వు ఉన్నది కొనవద్దు, అది వదిలే గాలిని వడకట్టదు. మాస్కులు తక్కువగా ఉంటే మనిషికి ఐదు ఇచ్చి, 1 నుంచి 5 దాకా అంకెలు వేసిన కాగితపు సంచుల్లో పెట్టించండి. రోజుకొకటి వాడితే మొదటిది మళ్లీ ఆరో రోజున వస్తుంది. ఒక్కోటి ఐదుసార్లకు మించి వద్దు. తడిసినా, మరకపడినా, పట్టీ సాగినా ముందే పారేయాలి. ఉతకడం, శానిటైజరు చల్లడం రెండూ తప్పే. కణాలను పట్టేది అందులోని విద్యుదావేశం, స్పిరిట్ తగిలితే అది పోతుంది.

గడ్డం ఉంటే ఎన్-95 ముఖానికి అతుక్కోదు. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్లను, మొక్కు గడ్డం పెంచేవాళ్లను గీయించుకొమ్మని నిలదీయకండి. ఆ 41 రోజులూ ఫోను దగ్గరో, స్టాకు పనిలోనో వేయండి. భక్తికీ మర్యాదకీ లోటు రాకూడదు, మనిషీ క్షేమంగా ఉండాలి.

ముక్కు దూలం మీద పుండు పడకముందే జాగ్రత్తపడాలి. మాస్కుకు పావుగంట ముందు జిడ్డులేని మాయిశ్చరైజరు పలచగా రాసి ఇంకనివ్వండి. వాజలైన్ ఒత్తుగా పూస్తే మాస్కు జారుతుంది. ఎర్రబడినచోట హైడ్రోకొల్లాయిడ్ పట్టీ అతికించవచ్చు, కానీ ఆ తర్వాత గాలి పరీక్ష మళ్లీ చేయాలి. చేతులు మట్టిగా ఉంటే సబ్బు, లేకపోతే శానిటైజరు. ఒకదాని వెంట ఒకటి రెండూ వాడితే చర్మం చిట్లుతుంది. తడి చేతులకు గ్లవ్స్ వేయకూడదు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకున్నా మంచిదే.

తీసే వరస గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి:

1. గ్లవ్స్.
2. గౌను, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి.
3. చేతులకు శానిటైజరు.
4. షీల్డ్, వెనక పట్టీ పట్టుకుని. తర్వాత టోపీ.
5. గది బయటికి వచ్చాక, అన్నిటికన్నా చివర మాస్కు.
6. సబ్బుతో చేతులు.

పూట చివర అలసిపోయి మొదట మాస్కే లాగేస్తారు. అందుకే ఒకరు ఎదురుగా దూరంగా నిలబడి వరస చదవాలి. మాస్కు, టోపీ, గుడ్డలాంటి గౌను పసుపు సంచిలోకి. గ్లవ్స్, షీల్డ్ ఎర్ర సంచిలోకి. సూదులు మాత్రం సూది దిగని గట్టి తెల్ల డబ్బాలోకి.

సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, వీలైతే రెండు గంటల్లోపు జిల్లా ఆసుపత్రికి చేరాలి. హెచ్ఐవీ నివారణ మందు 72 గంటలు దాటితే పనిచేయదు. హెపటైటిస్-బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. డాక్టర్లు చాలామంది వేయించుకుంటారు. ఆయా గురించి ఎవరూ అడగరు. ఇప్పుడే అడగండి.

తుడిచే మందు

1 శాతం హైపోక్లోరైట్ కావాలి. 5 శాతం సీసా అయితే 200 మి.లీ.కి 800 మి.లీ. నీళ్లు. 70 శాతం బ్లీచింగ్ పౌడరు అయితే లీటరుకు 14 గ్రాములు. తుడిచాక 10 నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి, ఎండకూ వేడికీ బలం పోతుంది. లోహపు పనిముట్లు తుప్పుపడతాయి కాబట్టి వాటికి 70 శాతం స్పిరిట్. హైపోక్లోరైట్‌ను బాత్రూము యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టకండి. మందు కలిపేది ఆయా కాబట్టి ఆమెకు ఎన్-95, మోచేతి దాకా వచ్చే మందపు గ్లవ్స్, కళ్లజోడు ఇవ్వాలి. మందును మనుషుల మీద చల్లకూడదు.

సరిహద్దు దాటి వచ్చేవాళ్లు

ఆంధ్ర వైపు పాతపట్నంలో ఇల్లు, ఒడిశా వైపు పర్లాకిమిడిలో పని. ఇచ్ఛాపురం నుంచి బరంపురం, పార్వతీపురం నుంచి రాయగడ కూడా అంతే. 2020లో చెక్‌పోస్టులు మూసినప్పుడు ఇలాంటి కుటుంబాలు రెండు ముక్కలయ్యాయి. మళ్లీ అలాంటి రోజు వస్తే కావలసినవి ఇప్పుడే సిద్ధం చేయండి. క్లినిక్ లెటర్‌హెడ్ మీద ఫోటోతో, ఒడియాలోనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పని ధ్రువపత్రం. పోస్టు మూస్తే ఇవతల ఉండిపోవడానికి ఒక గది, రెండు జతల బట్టలు, నెలకు సరిపడా బీపీ షుగరు మందులు. ఎవరి ఆరోగ్య కార్డు ఏ వైపు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే ఆ ఆసుపత్రిలోనే అడిగి రాసిన కాగితం. మాస్కులు, గ్లవ్స్, మత్తుమందు నాలుగు వారాలకు సరిపడా ఉంచండి, పెద్ద ఊళ్ల నుంచి కొరియరు ఆగితే అన్నీ ఆగుతాయి.

ఇంటి ఓనరు ‘ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు ఖాళీ చేయండి’ అనడం 2020లో దేశమంతా జరిగింది. ఆ ఏప్రిల్ 22న ఆర్డినెన్సుగా వచ్చి, సెప్టెంబరులో చట్టమైన అంటువ్యాధుల చట్ట సవరణ ప్రకారం, మహమ్మారి కాలంలో వైద్య సిబ్బందిని ఉన్నచోట ఉండనీయకుండా, పని చేసుకోనీయకుండా వేధించడం కూడా హింస కిందికే వస్తుంది. బెయిలు దొరకని నేరం. 3 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఓనరుతో మాట్లాడటానికి ఆ అమ్మాయిని ఒంటరిగా పంపకండి. డాక్టరే వెళ్లి, క్లినిక్‌లో తీసుకుంటున్న జాగ్రత్తలు చెబితే చాలాసార్లు పోలీసుల దాకా పోదు.

భయం, కోపం, నిద్ర

కౌంటరులో కూర్చున్నవాళ్లు రోజంతా తిట్లు తింటారు. వాళ్లకు మాటలు అందించండి. ఫోను రాగానే: “నొప్పి ఎన్నాళ్లనుంచండీ? వాపు కంటి దాకా గానీ, మెడ కిందికి గానీ వచ్చిందా? గుటక పడుతోందా, నోరు తెరుచుకుంటోందా? జ్వరం ఉందా?” మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, ఆగని రక్తం, దెబ్బ తగిలి ఊడిన పన్ను ఉంటే వెంటనే రమ్మనాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మ అంగిట్లో మానని పుండు ఉందంటే అదీ వాయిదా వేయకూడదు. మిగతావాటికి: “అమ్మా, మిమ్మల్ని కాదనడం లేదు. గురువారం పదింటికి మీ పేరు రాశాను, ఈలోగా డాక్టరుగారే మీకు ఫోను చేస్తారు.” తేదీ చెబితే కోపం సగం దిగుతుంది. అయినా అరిస్తే ఫోను డాక్టరుకు ఇచ్చేయవచ్చని ముందే అనుమతి ఉండాలి.

మాస్కులు, సక్షన్ మోత మధ్య అరిచి అరిచి గొంతు పోతుంది, ‘నా మీద విసుక్కున్నారు’ అనే అపార్థాలూ వస్తాయి. సక్షన్, లైటు, ఆపు, నీళ్లు, దూది: ఈ ఐదింటికి చేతి సైగలు పెట్టుకోండి.

పూట ముగిశాక కిట్లు తీసి, బయట వరండాలో పది నిమిషాలు నిలబడి మూడు మాటలు మాట్లాడుకోవాలి: ఈ రోజు ఏది కష్టమైంది, ఏది భయపెట్టింది, రేపటికి ఏది మార్చాలి. డాక్టరు చివర మాట్లాడాలి. ఇంట్లో ఒడియానో సవరనో మాట్లాడేవాళ్లను ఆ భాషలోనే చెప్పనివ్వండి. భయం నేర్చుకున్న భాషలో సరిగ్గా బయటికి రాదు. ‘ఇంట్లో ముసలివాళ్లున్నారు, నేనే అంటిస్తానేమో’ అన్నది అందరిలోనూ ఉండే భయం. దానికి ‘ఏం కాదులే’ అని జవాబివ్వకండి. క్లినిక్‌లోనే స్నానానికి వేడినీళ్లు, మార్చుకునే బట్టలు, ఇంటికి తీసుకెళ్లకుండా ఉతికే ఏర్పాటు చూపించండి. ఫోను గ్రూపులో వచ్చే చావు వార్తలు, వీడియోలు పని గ్రూపులో వద్దని నియమం పెట్టండి.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, మాటిమాటికీ ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే అది అలసట అనుకోకూడదు. ప్రభుత్వం నడిపే మానసిక సాయపు ఫోను లైను టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పని వేళల్లో తలుపు వేసుకుని ఫోను చేసుకోవడానికి ఒక గది, అరగంట ఇవ్వండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు; ఉంటే బయటికి వస్తుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా ఇంటివాళ్లకు అప్పజెప్పి, 14416కి మీరే కలపండి.

జబ్బు తగ్గి తిరిగి వచ్చినవాళ్లు

ఎన్ని రోజులు విడిగా ఉండాలన్నది ఆ సమయంలో జిల్లా అధికారులు చెప్పినదాన్ని బట్టి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజుకు రెండుసార్లు ఒకే మనిషి ఫోను చేసి ఆక్సిమీటరు అంకె అడగాలి. గోరింటాకు, గోళ్ల రంగు ఉన్న వేలికి పెడితే అంకె తప్పు రావచ్చు. కాసేపు కూర్చున్నాక చూసినా 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలి.

తిరిగి వచ్చిన మొదటి వారం సగం పూట, తుంపర లేని పని, కవరాల్ లేకుండా. రెండో వారం పూర్తి పూట, కానీ కూర్చుని చేసేది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి ఒళ్లు కూలిపోవడం, మాట మరిచిపోవడం వారాల తరబడి ఉండవచ్చు. పని పెంచిన మర్నాడు ఎక్కువ అలసిపోతే మళ్లీ ముందు వారపు లెక్కకే తగ్గించండి. ఈ రోజుల జీతం కూడా మొదట సంతకం పెట్టిన కాగితంలోనే రాసి ఉండాలి.